మెకానిక్స్ భయంతో సివిల్ వదిలెయ్యమనకండి



కౌన్సెలింగ్ మొదలైన దగ్గర్నుంచి మన గ్రూపులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. "సివిల్, మెకానికల్ పెట్టుకోకండి తమ్ముళ్ళూ, ఫస్టియర్లోనే మెకానిక్స్ ఉంటది, మన పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు, కంప్యూటర్స్ తీసుకోండి" అని. చెప్పే అన్నలు ప్రేమతోనే చెప్తున్నారు. ఆగిపోతున్నారన్న మాట కూడా నిజమే, నేను కళ్ళారా చూశాను. కానీ దానికి మందు బ్రాంచి మార్చుకోవడం కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను సివిల్ మూడో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మాది పాడేరు వైపు. ఇంట్లో కువి మాట్లాడతాం, తెలుగు ఆశ్రమ పాఠశాలకి వెళ్ళాక వచ్చింది, ఇంగ్లీషు ఇంటర్లో మీద పడింది. మా బ్యాచిలో మన పిల్లలం ఏడుగురం సివిల్లో చేరాం, ఇప్పుడు నలుగురం ఉన్నాం. వెళ్ళిపోయిన ముగ్గురిలో ఒకమ్మాయి మా మండలమే. ఇంటర్లో లెక్కల్లో నాకంటే మంచి మార్కులు తనవి. మెకానిక్స్ పోయింది, దాని వెనకే ఇంకో రెండు పోయాయి, క్లాసుకి రావాలంటే సిగ్గు పుట్టింది, హాజరు 75 శాతం కిందికి పడింది. సంక్రాంతికి ఇంటికెళ్ళిన పిల్ల మళ్ళీ రాలేదు. అందుకే ఈ విషయం నాకు ఒక సబ్జెక్టు గొడవలాగా అనిపించదు.

ఇంతకీ అంత భయపెట్టేది అందులో ఏముంది? మెకానిక్స్‌లో మొదటి సగం స్టాటిక్స్. కదలకుండా నిలబడి ఉన్న వస్తువు మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో లెక్కకట్టడం, అంతే. ఒక తలంలో ఉన్న లెక్కలకి రూల్స్ మూడే మూడు. అడ్డంగా ఉన్న బలాలన్నీ కలిపితే సున్నా. నిలువుగా ఉన్నవన్నీ కలిపితే సున్నా. ఏ బిందువు చుట్టూ తీసుకున్నా మొమెంట్లు, అంటే బలాన్ని దూరంతో గుణించినవి, కలిపితే సున్నా. దీనికి కావాల్సిన గణితం సైన్, కాస్, రెండు మూడు సమీకరణాలు. ఇంటర్ పాసైన ఎవరికైనా వస్తుంది. ఇంటిగ్రేషన్ చేసి వచ్చిన పిల్లలు ఈ మూడు రూల్స్ దగ్గర ఆగిపోతున్నారంటే తేడా లెక్కల్లో లేదు, లెక్క మొదలయ్యే ముందు ఉంది.

ఆ ముందున్న మెట్టు పేరు ఫ్రీ బాడీ డయాగ్రమ్. ఒక వస్తువుని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి, ఒంటరిగా కాగితం మీద గీసి, దాన్ని తాకుతున్న ప్రతిదీ దాన్ని ఎటు నెడుతోందో ఎటు లాగుతోందో బాణాలు వెయ్యడం. భూమి లాగే బరువు ఇంకో బాణం. గోడకి ఆనించిన నిచ్చెన తీసుకోండి. దాన్ని తాకుతున్నవి ఎన్ని? గోడ, నేల, ఎక్కిన మనిషి. గోడ నున్నగా ఉందని ఇస్తే అది అడ్డంగా నెట్టడం తప్ప ఇంకేం చెయ్యలేదు. నేల పైకి నెడుతుంది, కాళ్ళు జారకుండా గోడ వైపుకి ఘర్షణ కూడా ఇస్తుంది. గోడని, నేలని చెరిపేసి వాటి బదులు బాణాలు పెట్టాలి. బొమ్మ సరిగ్గా వచ్చిందంటే మిగతాది కూడికలు, తీసివేతలే. ఒక్క బాణం మర్చిపోతే ఆ తర్వాత రెండు పేజీలు ఎంత శుభ్రంగా చేసినా జవాబు రాదు.

ఈ బొమ్మ గియ్యడం మనకి ఎక్కడా నేర్పలేదు. ఎంట్రన్స్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకి నిమిషం పైన కాస్త. రెండేళ్ళు దానికోసమే తయారయ్యాం. ప్రశ్న చూడగానే ఫార్ములా ఏదో వెతకడం, నంబర్లు వెయ్యడం, ఆప్షన్ చూసి గుర్తుపెట్టడం. ఆ అలవాటుతో స్టాటిక్స్ పేపర్ ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు, ఎందుకంటే అక్కడ వెతకడానికి ఫార్ములా లేదు. ఒక లెక్కకి ఇరవై నిమిషాలు, అందులో మొదటి ఐదు నిమిషాలు పెన్సిల్ పట్టుకుని చూస్తూ కూర్చోవాల్సిందే. కార్పొరేట్ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళకీ ఇదే కష్టం, కాకపోతే వాళ్ళకి ట్యూషన్ ఉంటుంది, ఇంట్లో ఇంజనీరు బాబాయి ఉంటాడు. మనకి పక్క మంచం మీద ఉన్న రూమ్మేటే దిక్కు.

రెండో అడ్డం మాటలు. ఇంగ్లీషు రాదు కాబట్టి ఫెయిల్ అవుతున్నాం అని మనవాళ్ళు అంటుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మెకానిక్స్ ప్రశ్నలో వ్యాసం ఏమీ ఉండదు, మూడు నాలుగు లైన్లు. చిక్కంతా ఓ పాతిక మాటల దగ్గరే, అవి డిక్షనరీలో చూస్తే దొరికే అర్థంలో ఉండవు. 'లైట్ రాడ్' అంటే మెరిసే కడ్డీ కాదు, దాని బరువు లెక్కలోకి తీసుకోవద్దని. 'స్మూత్' అంటే ఘర్షణ లేదని. 'హింజ్' అంటే తలుపు బందు లాంటిది, తిరగనిస్తుంది కానీ పక్కకీ పైకీ కదలనివ్వదు, కాబట్టి రెండు బాణాలు. 'రోలర్' అయితే ఒక్క బాణమే. 'ఫిక్స్‌డ్' అంటే గోడలోకి పాతేసినట్టు, రెండు బాణాలూ, ఒక మొమెంటూ. 'ఇంపెండింగ్ మోషన్' అంటే ఇప్పుడో ఇంకాసేపట్లోనో జారబోతోందని. కిందటేడు ఒక తమ్ముడు 'ఫ్రీ బాడీ' అంటే ఏంటక్కా, శవమా అని అడిగాడు. అందరం పగలబడి నవ్వాం గానీ, ఆ ప్రశ్న బాగానే ఉంది, కనీసం అడిగాడు. అడగని వాళ్ళే ఎక్కువ. ఈ పాతిక మాటలూ ఒక సాయంత్రం కూర్చుని తెలుగులో చెప్తే అయిపోయే పని. ఎవరూ చెప్పట్లేదు.

ఘర్షణ దగ్గర కూడా చాలామంది ఒకేచోట పడతారు. ఘర్షణ అనగానే మ్యూ ఇంటూ ఎన్ అని రాసేస్తారు. అది ఘర్షణకి ఉన్న హద్దు మాత్రమే. 50 కిలోల బియ్యం బస్తా నేల మీద ఉంది, మ్యూ 0.4 అనుకోండి. హద్దు 20 కిలోలు. మీరు 5 కిలోల బలంతో నెడితే ఘర్షణ 5 మాత్రమే ఇస్తుంది, 20 ఇవ్వదు. ఇస్తే బస్తా తిరిగి మిమ్మల్నే నెట్టెయ్యాలి కదా. జారబోతోంది అన్నప్పుడే హద్దు వాడాలి. (కిలోలని బలంగా రాస్తున్నానని సార్లు తిడతారు, న్యూటన్లలో రాయాలి. పరీక్షలో 9.81 పెట్టి గుణించుకోండి, ఇక్కడ అర్థం కావడానికి కిలోల్లోనే చెప్తున్నా.)

ఇప్పుడు డోలీ సంగతి. మన ఊళ్ళలో రోడ్డు లేక గర్భిణుల్ని, జ్వరం వచ్చినవాళ్ళని డోలీలో మోసుకొస్తున్న ఫోటోలు మన గ్రూపులోనే ఎన్నో చూశాం. ఆ ఫోటో చూడ్డం వేరు, దాన్ని లెక్కగా చూడ్డం వేరు. ఇద్దరి భుజాల మధ్య కర్ర 3 మీటర్లు. లోపల మనిషి 60 కిలోలు. ఆ బరువు ముందున్నాయనకి 1.2 మీటర్ల దూరంలో వేలాడుతోంది, అంటే వెనకాయనకి 1.8 మీటర్లు. కర్ర బరువు వదిలేద్దాం. వెనకాయన భుజం చుట్టూ మొమెంట్లు తీసుకోండి. ముందాయన మోసే బరువు ఇంటూ 3, 60 ఇంటూ 1.8కి సమానం. ముందాయన మీద 36 కిలోలు, వెనకాయన మీద 24. చిన్న తేడాలా అనిపిస్తుంది, కానీ అలా పది కిలోమీటర్లు నడవాలి. కొండ దిగేటప్పుడు ఇంకోటి జరుగుతుంది. గుడ్డని కర్రకి రెండుచోట్ల కట్టి ఉయ్యాల్లా వేలాడదీస్తాం కాబట్టి, కర్ర వాలగానే లోపలి మనిషి బరువు కింది వైపుకి జరుగుతుంది. దూరం తగ్గిన వైపు బరువు పెరుగుతుంది. దిగేటప్పుడు ముందు నడిచేవాళ్ళు తొందరగా భుజం మార్చుకోమనేది అందుకే.

ఇది మా నాన్నకి చెప్తే "ఇది తెలుసుకోడానికి నాలుగేళ్ళు చదవాలా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. కావిడి మోసేవాళ్ళు ఒకవైపు బరువెక్కువైతే భుజాన్ని అటు జరుపుకుంటారు, ఎవరూ నేర్పక్కర్లేదు. ఇల్లు కట్టేటప్పుడు వాసాలు, దూలం, నిట్రాట ఎక్కడ పెట్టాలో మన పెద్దోళ్ళకి తెలుసు, కప్పుకి త్రికోణమే ఎందుకు నిలబడుతుందో చేత్తో తెలుసు. నాలుగు కర్రలు చతురస్రంగా మేకులు కొట్టి పక్కనుంచి నెడితే ఒరిగిపోతుంది, మూడు కర్రలైతే ఒరగదు. పుస్తకంలో ట్రస్ పాఠం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

కానీ ఇక్కడ ఒకమాట గట్టిగా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. "మన తాతలకి ఈ సైన్స్ అంతా ముందే తెలుసు" అని పోస్టులు వస్తుంటాయి, వందల లైకులు వస్తాయి. నాకూ చదువుతుంటే గర్వంగా ఉంటుంది. ఆ గర్వంతోనే ఆగిపోతే మాత్రం నష్టం మనకే. భుజానికి తెలిసింది ఎస్టిమేటులో చెల్లదు. వంతెన ఎంత మందం ఉండాలో, పునాది ఎంత లోతు వెళ్ళాలో కాగితం మీద లెక్క వేసి సంతకం పెట్టే కుర్చీ ఒకటుంది. ఆ కుర్చీలో కూర్చున్నాయనకి మన భుజం సంగతి తెలీదు, ఆయన కాగితం సంగతి మనకి తెలీదు. డోలీ మొయ్యడం మన సంస్కృతి కాదు, రోడ్డు లేకపోవడం. పోలవరం కింద మునిగేది మన ఊళ్ళే, ఆ డ్యాము స్పిల్‌వే మీద నీటి తోపుడు ఎంతో లెక్కేసేవాళ్ళలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోండి.

నీటి తోపుడు అన్నాను కాబట్టి, మనకి దగ్గరి లెక్క ఒకటి చేద్దాం. గెడ్డల మీద చెక్‌డ్యాములు కడుతుంటారు, కొన్ని రెండు వానాకాలాలు కూడా ఆగవు. మా పక్క ఊళ్ళో ఒకటి మొదటి వరదకే పడిపోయింది. "గెడ్డ ఉధృతి అలాంటిది, ఏం చేస్తాం" అని కట్టించినవాళ్ళు అన్నారు, ఊరివాళ్ళు తలూపారు. ఇప్పుడు చూడండి. గోడ ఎత్తు 3 మీటర్లు, నీళ్ళు పైదాకా ఉన్నాయి. నీటి ఒత్తిడి పైన సున్నా, అడుగున చదరపు మీటరుకి 3 టన్నులు, సగటు ఒకటిన్నర. ఒక మీటరు పొడవు గోడని నీళ్ళు నెట్టే బలం ఒకటిన్నర ఇంటూ 3, అంటే నాలుగున్నర టన్నులు. ఒత్తిడి త్రికోణంలా ఉంది కాబట్టి ఆ బలం అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో, అంటే 1 మీటరు దగ్గర పనిచేస్తుంది. గోడని బోర్లా పడెయ్యాలని చూసే మొమెంట్ 4.5.

గోడని నిలబెట్టేది దాని బరువే. కాంక్రీట్ ఘనపు మీటరుకి 2.4 టన్నులు అనుకుందాం. మందం 1 మీటరు అయితే బరువు 7.2 టన్నులు, అది గోడ మధ్యలో పనిచేస్తుంది, కింది అంచు నుంచి అర మీటరు దూరం. నిలబెట్టే మొమెంట్ 3.6. పడేసేది నాలుగున్నర, నిలబెట్టేది మూడు పాయింట్ ఆరు. పడిపోతుంది. మందం ఒకటిన్నర మీటరు చేస్తే బరువు 10.8, దూరం 0.75, మొమెంట్ 8.1. నిలబడుతుంది. మందం సగం పెంచితే బలం సగం పెరగలేదు, రెండింతల పైనే పెరిగింది చూశారా, బరువుతో పాటు దూరం కూడా పెరిగింది మరి. ఎత్తు 3 నుంచి 6 మీటర్లు చేస్తే పడేసే మొమెంట్ 4.5 నుంచి 36 అవుతుంది, ఎనిమిది రెట్లు. ఇది పూర్తి డిజైన్ కాదు. పునాది కింద నుంచి నీళ్ళు పైకి తన్నడం, గోడ మొత్తంగా జారిపోవడం, కింద మట్టి కోసుకుపోవడం ఇవన్నీ ఇంకా చూడాలి, అవన్నీ కలిపితే గోడకి ఇంకా కష్టమే. అయినా ఫస్టియర్ స్టాటిక్స్ ఒక్కటి వచ్చిన పిల్ల ఊళ్ళో ఉంటే, కట్టకముందే టేపు పట్టుకెళ్ళి కొలిచి "ఈ మందం చాలదు, లెక్క చూపించండి" అని గ్రామసభలో అడగగలదు. గెడ్డ ఉధృతి అని తప్పించుకోవడం అప్పుడు అంత తేలిక కాదు.

కంప్యూటర్స్ తీసుకోవద్దని నేను అనట్లేదు. ఇష్టం ఉన్నవాళ్ళు తీసుకోండి, ఉద్యోగాలు అక్కడే ఎక్కువన్నది నిజమే. కానీ భయంతో పారిపోయి తీసుకుంటే అక్కడ కోడింగ్ రూపంలో ఇదే భయం మళ్ళీ ఎదురొస్తుంది. సివిల్ చదివితే ఏఈ పోస్టులున్నాయి, రైల్వే జేఈ ఉంది, గేట్ ఉంది, మన గిరిజన సంక్షేమ శాఖకే ఇంజనీరింగ్ విభాగం ఉంది. వీటన్నిటికీ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, స్ట్రక్చర్స్ కావాలి, వాటికి స్టాటిక్స్ పునాది. ఆడపిల్లవి ఎండలో సైటు మీద నిలబడతావా అని నన్నూ అడిగారు. మా అమ్మ జీడితోటలో నిలబడితే ఎవరూ అడగలేదే!

సీనియర్ అన్నలూ అక్కలూ, మీతో ఒక పేచీ ఉంది. పరీక్షలు రాగానే మీరు 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' పీడీఎఫ్‌లు పంపిస్తారు. వేరే సబ్జెక్టులకి అవి నిజంగా కాపాడతాయి, థాంక్స్. మెకానిక్స్‌కి మాత్రం అవి ముంచుతున్నాయి. జూనియర్లు పది లెక్కలు అంకెలతో సహా బట్టీ పడుతున్నారు. పేపర్లో నిచ్చెన గోడకి ఆనించే బదులు మెట్టుకి ఆనిస్తే ఆ పదీ పనికిరావు. పీడీఎఫ్ పంపడానికి ఒక నిమిషం, పక్కన కూర్చుని బొమ్మ గీయించడానికి ఒక గంట. మాకు, మా తమ్ముళ్ళకి ఆ గంట కావాలి, అది కూడా మొదటి నెలలో. మిడ్ ముందు రాత్రి కాదు.

ఎలా చెప్పాలంటే, హాస్టల్లో ఉన్న వస్తువులతోనే. వరండాలో బట్టల తాడు ఉంటుంది కదా. దాన్ని బిర్రుగా లాగి కడతాం, అందరికీ బిర్రుగా ఉంటేనే ఇష్టం. మధ్యలో 5 కిలోల తడి దుప్పటి వెయ్యండి. తాడు రెండువైపులా అడ్డగీతకి 30 డిగ్రీలు వంగితే తాడులో తన్యత 5 కిలోలే. బిర్రుగా కట్టి 5 డిగ్రీలే వంగేలా చేస్తే దాదాపు 29 కిలోలు. అదే దుప్పటి, అదే తాడు! మేకు ఊడొచ్చేది అందుకే. ఈ ఒక్కటి తాడు చూపించి, బొమ్మ గీయించి, నిలువు బాణాలు కూడించి చేయిస్తే మన పిల్లలు జన్మలో మర్చిపోరు. అది చేసిన రోజు రాత్రే ఒక చెల్లి వెళ్ళి తాడు వదులు చేసొచ్చింది.

నా పద్ధతి ఇంకొకటి చెప్తాను, పనికొస్తే వాడుకోండి. మొదటి రెండు వారాలు లెక్క చెయ్యనివ్వను. ప్రశ్న చదవడం, బొమ్మ గియ్యడం, ఒక్కో బాణాన్ని వేలితో చూపించి "ఇది ఎవరు నెడుతున్నారు" అని అడగడం. జవాబుగా ఒక వస్తువు పేరు చెప్పలేకపోతే ఆ బాణం చెరిపెయ్యాలి. ముప్ఫై బొమ్మలు అలా గీసినవాళ్ళకి తర్వాత నేనేం చెప్పక్కర్లేదు. తెలుగులో చెప్పండి, కువిలో చెప్పండి, కోయలో, గోండీలో, లంబాడీలో చెప్పండి, బాణాలకి భాష లేదు. జవాబు రాసేటప్పుడు ఇంగ్లీషు రాయిస్తే సరిపోతుంది. సమతాస్థితి, భ్రామకం, గరిమనాభి అని తెలుగు మీడియంలో చదివిన మాటలు ఉన్నవాళ్ళు వాటిని పక్కన రాసుకోండి, పాత పాఠం గుర్తొస్తుంది. పుస్తకం కావాలంటే లైబ్రరీలో తిమోషెంకో, యంగ్ రాసింది దొరుకుతుంది, కష్టమే కానీ బొమ్మలు బాగుంటాయి. ఎన్‌పీటీఈఎల్‌లో మెకానిక్స్ పాఠాలు ఉచితం. ఏఐసీటీఈ వాళ్ళ ఈ-కుంభ్ పోర్టల్లో ఇంజనీరింగ్ పుస్తకాలు తెలుగులో కూడా పెట్టారు, ఒకసారి చూడండి.

మా హాస్టల్లో ఈ ఏడాది ఫస్టియర్ పిల్లలు రాగానే శనివారం రాత్రి భోజనాలయ్యాక మెస్ హాల్లో మొదలుపెడుతున్నాం. నేనూ, మెకానికల్ చదివే ఇంకో అక్కా చెప్తాం. రెండు పెన్సిళ్ళు, ఒక తాడు, ఒక బకెట్ చాలు. సివిల్, మెకానికల్ సీనియర్లు మీమీ కాలేజీ ఉన్న ఊరు పేరు, వారంలో ఏ రోజు కుదురుతుందో కింద రాయండి. సీటు వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీకు ఏ ఊళ్ళో వచ్చిందో కూడా రాయండి. ఎవరికి ఎవరు దగ్గరో చూసి జతలు నేను కలుపుతాను. ఆ పాతిక మాటల లిస్టు తెలుగు అర్థాలతో ఆదివారం ఇక్కడే పెడతాను, కువిలో నేను చెప్పగలను, కోయ, గోండీ, లంబాడీ వచ్చినవాళ్ళు మీ భాషలో కలపండి.